లె మాన్‌లో మేటి కార్లు ఎక్కడ ఆగిపోతాయి

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న సాయంకాలపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. షెడ్డు మూసి, చేతులు కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చిన మేస్త్రీలకు, ముందే వచ్చి నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్న విద్యార్థులకు నా కృతజ్ఞతలు. ఎక్కడో ఫ్రాన్సులో జరిగే కార్ల పందెం గురించి ఆటోనగర్‌లో మాట్లాడడం దేనికని ఇద్దరు ముగ్గురు పెద్దలు నన్ను అడిగారు. లోడెత్తుకుని బయలుదేరిన బండి దారిలో ఆగకుండా చేరవలసిన చోటికి చేరాలి. ఈ పేటలో పొద్దున్నుంచి రాత్రి దాకా జరిగే పని అంతా ఆ ఒక్క కోరిక చుట్టూనే తిరుగుతుంది. లె మాన్ పందెం కూడా ఆ కోరిక చుట్టూ పుట్టినదే. కాబట్టి ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచలేదు.

పందెం గురించి క్లుప్తంగా చెబుతాను. 1923లో మొదలైన ఈ పందెంలో కార్లు శనివారం మధ్యాహ్నం బయలుదేరి ఆదివారం మధ్యాహ్నం వరకు, అంటే 24 గంటల పాటు, 13.626 కిలోమీటర్ల చుట్టును తిరుగుతూనే ఉంటాయి. అందులో కొంత ప్రత్యేకంగా వేసిన రేసు బాట, మిగిలినది మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. ఒక్కో కారును సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. డ్రైవరు మారతాడు, టైర్లు మారతాయి, ఇంధనం నింపుతారు, కాని కారు మాత్రం అదే. 2010లో గెలిచిన ఆడి కారు ఆ 24 గంటల్లో 397 చుట్లు తిరిగి 5,410 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది. మన విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు దారి సుమారు 1,750 కిలోమీటర్లు. అంటే ఇక్కడినుంచి ఢిల్లీ వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ ఢిల్లీ చేరినా ఇంకా నూటయాభై కిలోమీటర్లు మిగిలేటంత దూరాన్ని, ఒక పగలూ ఒక రాత్రీ, రేసు వేగంతో పోవడమన్నమాట. నేను మాట్లాడబోయేది వీటిలో అన్నిటికన్నా పై తరగతి కార్ల గురించి. 2020 వరకు ఆ తరగతిని ఎల్‌ఎంపీ1 అనేవారు, 2021 నుంచి హైపర్‌కార్ అంటున్నారు. లోకంలోని పెద్ద కంపెనీలు తమ అత్యుత్తమ ఇంజనీర్లను, అంతులేని ధనాన్ని పెట్టి తయారుచేసే కార్లు ఇవే. మరి ఇవి ఎందుకు ఆగిపోతాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఈ సాయంకాలం మన ప్రశ్న.

2016 జూన్ సంగతితో మొదలుపెడతాను. దాన్ని తలుచుకుంటే ఈనాటికీ నాకు మనసు బరువెక్కుతుంది. అప్పటికి టయోటా 1980ల నుంచి లె మాన్ గెలవాలని ప్రయత్నిస్తూ, ఎన్నోసార్లు దగ్గరగా వచ్చి, ఒక్కసారీ గెలవని కంపెనీ. ఆ ఏడాది వారి టీఎస్050 హైబ్రిడ్ కారు, 2.4 లీటర్ల వీ6 పెట్రోలు ఇంజనుకు గాలిని ఒత్తి పంపే రెండు టర్బోలు, దానికి తోడు విద్యుత్ మోటార్లతో, రాత్రంతా పోర్షేతో హోరాహోరీగా పోరాడి, ఆదివారం మధ్యాహ్నానికి 5వ నంబరు కారు నిమిషానికి పైగా ఆధిక్యంతో ముందుంది. స్టీరింగు ముందు డ్రైవరు కజుకి నకాజిమా ఉన్నారు. ఇంకా ఐదారు నిమిషాలే ఉందనగా కారులో శక్తి లేదని ఆయన రేడియోలో చెప్పారు. ముగింపు గీత ఉన్న తిన్నని బాటలో, తన జట్టు వాళ్లు నిలబడి ఉన్న గోడకు ఎదురుగానే, ఆ కారు నెమ్మదిగా వచ్చి ఆగిపోయింది. వెనుక నుంచి వచ్చిన పోర్షే దాన్ని దాటి గెలిచింది. టయోటా కారు ఎలాగో మళ్లీ కదిలి ఆఖరి చుట్టు పూర్తిచేసింది కాని, చివరి చుట్టును ఆరు నిమిషాల లోపు ముగించాలన్న నియమం ప్రకారం దాని పేరు ఫలితాల పట్టికలో సైతం చేరలేదు. 384 చుట్లు తిరిగిన కారుకు రెండో స్థానం కూడా దక్కలేదు.

తర్వాత విప్పి చూసినప్పుడు తేలింది ఏమిటి? టర్బో పాడవలేదు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పాడవలేదు, ఇంజను లోపల పిస్టన్లు, వాల్వులు అన్నీ భేషుగ్గా ఉన్నాయి. టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య ఉన్న గాలి గొట్టం మీది కనెక్టర్ ఒకటి విరిగింది. అది విరగడంతో టర్బో అదుపు తప్పింది, శక్తి పడిపోయింది. కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తిని తిరిగి తెప్పించారు కూడా, కాని అప్పటికి సమయం మించిపోయింది.

ఈ మాట వినగానే ఇక్కడ కూర్చున్న మేస్త్రీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను గమనించాను. కారణం నాకు తెలుసు. నేను ఈ రోజు నాతో ఒక ముక్క తెచ్చాను. ఇది ఒక లారీ టర్బో హోసు. చాలా ఏళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డు నుంచి టిక్కీలు ఎత్తుకుని కలకత్తా బయలుదేరిన లారీ ఒకటి, తుని దాటకముందే బండి లాగడం లేదని, నల్లటి పొగ వస్తోందని వెనక్కి వచ్చింది. లోడు దింపి ఖాళీగా నడిపి చూస్తే ఏ లోపమూ కనబడదు. అప్పుడు నేను షెడ్డులో పెద్ద మేస్త్రీని. టర్బో పోయిందని నిర్ణయించి, యజమాని చేత కొత్త టర్బో కొనిపించి బిగించాను. బండి మళ్లీ బయలుదేరి మళ్లీ వెనక్కి వచ్చింది. ఆ రెండో రోజు సాయంత్రం మా షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు సబ్బు నీళ్లు పూసి ఈ హోసులో చీలికను పట్టాడు. ఖాళీ బండిలో గాలి ఒత్తిడి తక్కువగా ఉండడం వల్ల ఆ చీలిక మూసుకునే ఉంటుంది. లోడు మీద ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది. ఆ యజమానికి జరిగిన నష్టం నా తొందరపాటు వల్ల జరిగింది. ఆ రోజు నుంచి ఈ ముక్కను దాచుకున్నాను. దీన్ని వెనుక వరుసల దాకా అందించండి. బయట నుంచి చూస్తే ఏమీ కనబడదు, లోపల వేలు పెట్టి చూడండి.

నేను ఇన్నేళ్లుగా లె మాన్ ఫలితాలను, వైఫల్యాల వివరాలను చదువుతూ ఏర్పరచుకున్న అభిప్రాయం ఒకటుంది. మేటి కార్లు తమ మేటి భాగాల దగ్గర ఆగిపోవడం తక్కువ. ఇంజను మీద, టర్బో మీద, బ్యాటరీ మీద వందల మంది కళ్లు ఉంటాయి. వాటిని బెంచి మీద పెట్టి వేల గంటలు నడిపి చూస్తారు. కాని ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉండే అతుకు మీద, గొట్టం చివర మీద, వైరు కొస మీద, ఒక విభాగం పని ముగిసి ఇంకో విభాగం పని మొదలయ్యే ఆ సన్నని గీత మీద అంత శ్రద్ధ నిలవదు. అది ఎవరి వాటా అన్న ప్రశ్నకే స్పష్టమైన జవాబు ఉండదు. ఈ అభిప్రాయానికి లొంగని ఉదాహరణలు కూడా ఉన్నాయి, వాటినీ దాచకుండా చెబుతాను. ముందు అతుకుల సంగతి ముగిద్దాం.

2014లో టయోటా కారు ఒకటి రాత్రంతా ముందుండి, ఆదివారం తెల్లవారుజామున చీకట్లోనే ఆగిపోయింది. కారణం వైరింగ్ కాలిపోవడం. 2019లో జరిగింది ఇంకా బాధాకరం. టయోటా 7వ నంబరు కారు ఆధిక్యంలో ఉంది, ఒక గంట మాత్రమే మిగిలింది. టైరులో గాలి దిగుతోందని సెన్సర్ చెప్పింది. కారును పిట్‌లోకి, అంటే బాట పక్కన కార్లను నిలిపి పని చేసే చోటికి పిలిచి, సెన్సర్ చూపిన టైరును మార్చి పంపారు. కాని గాలి దిగిన టైరు అది కాదు. సెన్సర్ల వైర్లు తారుమారుగా కలిసి ఉండడం వల్ల ఒక చక్రం కబురు ఇంకో చక్రం పేరుతో వచ్చింది. మళ్లీ పిట్‌కు రావలసి వచ్చింది, గెలుపు చేజారి అదే జట్టు 8వ నంబరు కారుకు పోయింది. సెన్సర్ మంచిదే, టైరు మార్చిన వాళ్ల చేతివేగంలో లోపం లేదు, నిర్ణయంలోనూ తప్పు లేదు. రెండు వైర్ల స్థానం తారుమారైంది, అంతే.

ఇప్పుడు 2017 గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే పై తరగతి కార్ల నిలకడ గురించి నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఆ ఒక్క పందెం ఒక పూర్తి పాఠ్యపుస్తకం. ఆ ఏడాది టయోటా మూడు కార్లు, పోర్షే రెండు కార్లు దించాయి. టయోటా డ్రైవరు కముయి కొబయాషి క్వాలిఫయింగ్‌లో, అంటే బయలుదేరే వరుసను తేల్చే ముందస్తు పరుగులో, 3 నిమిషాల 14.791 సెకన్లలో చుట్టు పూర్తిచేసి అందరినీ నిశ్చేష్టులను చేశారు. పందెంలోనూ ఆ 7వ నంబరు కారే ముందుంది. రాత్రి, ప్రమాద సమయంలో కార్లన్నిటినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు బయట తిరుగుతున్న వేళ, ఆయన పిట్‌లో ఆగి తిరిగి బయలుదేరుతుండగా బయటికి పోయే దారిలో ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ సమయంలో నారింజ రంగు దుస్తుల్లో ఉన్న ఒక మనిషి ముందుకు వచ్చి బొటనవేలు ఎత్తి చూపారు. నిజానికి ఆయన మరో జట్టు డ్రైవరు, తోటి డ్రైవరుకు శుభాకాంక్ష చెప్పాలనుకున్నారు. బాట దగ్గర భద్రత చూసే మార్షల్ వెళ్లమంటున్నాడని కొబయాషి అనుకున్నారు. కదిలారు, జట్టు వాళ్లు ఆగమన్నారు, ఆగారు, మళ్లీ కదిలారు.

ఇక్కడ యంత్రం సంగతి తెలియాలి. ఆ హైబ్రిడ్ కారు నిలబడిన చోటు నుంచి కదలడం విద్యుత్ మోటారుతో జరగాలి. కొంత వేగం అందుకున్నాక ఇంజను కలుస్తుంది. అందుచేత క్లచ్‌ను ఆగిన బండిని కదిలించే పనికి తయారుచేయలేదు. బరువు తగ్గించాలి కనుక, ఎన్నడూ చేయనక్కరలేని పనికి బలం ఎందుకని తేలికగా చేశారు. అది డిజైన్‌లో తప్పు కాదు, తెలివైన నిర్ణయమే. కాని ఆ గందరగోళంలో ఇంజనుతో, క్లచ్ మీద, ఒకటికి రెండుసార్లు కారు కదిలింది. క్లచ్ ప్లేటు కాలిపోయింది. సేఫ్టీ కారు తప్పుకుని పందెం తిరిగి వేగం అందుకోగానే కారు చతికిలబడింది. మోటారు శక్తితో పిట్‌కు తీసుకురావాలని కొబయాషి ప్రయత్నించారు కాని చేరలేకపోయారు. అంత వేగవంతమైన కారు ఒక బొటనవేలి సైగ వల్ల ఆగిపోయిందని పత్రికలు రాశాయి. నా దృష్టిలో అది పూర్తి నిజం కాదు. మనిషికీ యంత్రానికీ మధ్య కూడా ఒక అతుకు ఉంటుంది. తాను ఎలా కదలకూడదో ఆ కారుకు చెప్పి ఉంటే, అంటే తప్పు పద్ధతిలో కదలబోతే కంప్యూటరే అడ్డుకునేలా అమర్చి ఉంటే, ఆ సైగ ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ రాత్రి అక్కడితో ఆగలేదు. టయోటా 8వ నంబరు కారు ముందు మోటారు, బ్యాటరీ మార్చడానికి దాదాపు రెండు గంటలు గ్యారేజీలో ఉండిపోయింది. మూడో కారు, 9వ నంబరు, ఇంకో కారు తగలడంతో టైరు చినిగి, పిట్‌కు చేరలేక ఆగిపోయింది. ఇక పోర్షే 1వ నంబరు కారు పది చుట్లకు పైగా ఆధిక్యంతో నింపాదిగా పోతూ, 21వ గంటలో ఆయిల్ ప్రెషర్ పడిపోయి నిలిచిపోయింది. మిగిలింది పోర్షే 2వ నంబరు కారు. అది సాయంత్రమే ముందు ఇరుసు మోటారు చెడిపోయి, దాన్ని మార్చడానికి గంటకు పైగా పోగొట్టుకుని, మొత్తం కార్లలో 56వ స్థానానికి పడిపోయిన బండి. దాని మెకానిక్కులు ఆశ వదులుకోకుండా మోటారు మార్చి పంపినందువల్ల, ముందున్న వాళ్లందరూ ఆగిపోయాక, ఆఖరి రెండు గంటల్లో అది మొదటి స్థానానికి చేరి గెలిచింది. దానికి ముందు కొన్ని గంటల పాటు పందెంలో అందరికన్నా ముందున్నది పై తరగతి కారే కాదు, దాని కింది తరగతి కారు. 4.2 లీటర్ల వీ8 ఇంజను, టర్బో లేదు, హైబ్రిడ్ లేదు. చివరికి ఒకే ఒక్క చుట్టు వెనుక రెండో స్థానంలో వచ్చింది. భాగాలు తక్కువ, అతుకులు తక్కువ.

ఇప్పుడు నా అభిప్రాయానికి లొంగని ఉదాహరణ. 2010లో పెజో 908 డీజిల్ కార్లు నాలుగు వచ్చాయి: కంపెనీవి మూడు, ఒరెకా జట్టుది ఒకటి. అంతకు ముందు ఏడాదే పెజో గెలిచింది. ఆ నాలుగు కార్లూ క్వాలిఫయింగ్‌లో మొదటి నాలుగు స్థానాలూ పట్టాయి. ఆడి కార్లు వేగంలో వాటిని అందుకోలేకపోయాయి. పందెంలో ముందుగా ఒక పెజో సస్పెన్షన్ బిగించే చోట చాసీ దెబ్బతిని ఆగింది. అది అతుకే అనుకోండి. మిగిలిన మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఇంజను పోయి ఆగిపోయాయి. 5.5 లీటర్ల వీ12 డీజిల్ ఇంజన్లు, వాటిలో పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు తెగాయి. నాలుగోది, అంటే ఒరెకా కారు, ఇంక రెండు గంటలు కూడా లేదనగా పోయింది. ఆడి కార్లు ఒకటి, రెండు, మూడు స్థానాల్లో వచ్చాయి, నేను మొదట చెప్పిన 397 చుట్ల రికార్డు అప్పటిదే.

ఇక్కడ గొట్టం లేదు, వైరు లేదు, ఇంజను గుండెకాయే పగిలింది. దీని నుంచి నేను గ్రహించింది ఇది. ఒక బండిలో హోసు చీలితే పక్క బండిలో అదే సమయానికి చీలదు. అది ఆ బండి దురదృష్టం. కాని ఇంజను భాగం బలాన్ని అంచు దాకా తెచ్చి, ఆ అంచు మీద నాలుగు కార్లనూ ఒకే వేగంతో పరుగెత్తిస్తే, ఒకటి పోయిందంటే మిగిలినవాటికి కూడా గడియారం నడుస్తున్నట్టే. జట్టు నాలుగు కార్లు తెచ్చింది కాబట్టి నాలుగు అవకాశాలున్నాయన్న లెక్క అక్కడ పనికిరాదు. మొదటి ఇంజను పోయినప్పుడే మిగిలినవాటిని కొంత నెమ్మదిగా నడిపించి ఉండవలసిందని నేను అనుకుంటాను. కాని వెంటాడి పట్టుకోవలసిన వాడికి నెమ్మది ఎక్కడిది? లారీల యజమానులు ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండ్లు పది కొన్నప్పుడు, మూడో బండికి గేర్‌బాక్స్ పోయిన రోజునే మిగిలిన ఏడు బండ్ల గురించి మేస్త్రీని ఎందుకు అడుగుతారో మీకు తెలుసు.

చెడిపోకుండా చేయడం ఒక విద్య, చెడిపోతే త్వరగా బాగుచేయగలిగేలా చేయడం ఇంకో విద్య. రెండో విద్యను మనం ఇక్కడ ఎంతో గౌరవిస్తాం. లె మాన్‌లో దానికి నిలువెత్తు ఉదాహరణ ఆడి ఆర్8. అది 2000, 2001, 2002, 2004, 2005 సంవత్సరాల్లో, మొత్తం ఐదుసార్లు గెలిచింది. దాని వెనుక భాగమంతా, గేర్‌బాక్సూ వెనుక సస్పెన్షనూ కలిపి, ఒకే ముక్కగా విడిపోయేలా రూపొందించారు. గొట్టాలకు చటుక్కున ఊడి చటుక్కున బిగిసే జాయింట్లు పెట్టారు. గేర్‌బాక్స్ పోతే దాన్ని విప్పి మరమ్మతు చేసే పని లేదు; మొత్తం వెనుక భాగాన్ని తీసేసి కొత్తది తగిలించి ఐదారు నిమిషాల్లో పంపేవారు. ఇక్కడ గేర్‌బాక్స్ దించి ఎక్కించడానికి ఒక పూట పడుతుందని మనకు తెలుసు కాబట్టి ఆ ఐదారు నిమిషాల విలువ మనకు బాగా తెలుస్తుంది. అతుకు బలహీనత అని ఇందాకటి నుంచి చెబుతున్నాను. ఆర్8ను తయారుచేసిన వాళ్లు అతుకునే తమ బలంగా మార్చుకున్నారు. అదే ఆడి 2014లో ముందున్న కార్లకు పందెం మధ్యలో టర్బోలు మార్చవలసి వచ్చినా, 2వ నంబరు కారుకు ఇరవై నిమిషాల పైచిలుకులో పని ముగించి, ఆ కారుతోనే గెలిచింది.

పాతకాలంలో అంత సౌకర్యం లేదు. ఉన్నదానితో ఇంటికి చేర్చడమే పద్ధతి. 1977లో ఒక పోర్షే 936 ఇంధన ఇంజెక్షన్ పంపు మార్చవలసి వచ్చి బాగా వెనుకబడింది. పంపు పని చేసేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. జాకీ ఇక్స్ రాత్రంతా అద్భుతంగా నడిపి దాన్ని ముందుకు తెచ్చారు. ఆఖరి గంటలో పిస్టన్ ఒకటి పోయింది. మెకానిక్కులు ఆ సిలిండరుకు ఇంధనం, స్పార్కు రెండూ ఆపేసి, ఆరు సిలిండర్ల ఇంజనును ఐదింటితో బయటికి పంపారు; జర్గన్ బార్త్ ఆఖరి చుట్లు మెల్లగా నడిపి గెలిపించారు. 1988లో జాగ్వార్ ఎక్స్‌జేఆర్-9 గేర్‌బాక్స్ చివరి భాగంలో దెబ్బతింటే, యాన్ లామర్స్ గేరు మార్చడమే మానేసి నాలుగో గేరులోనే ఉంచి ముగింపు దాకా తెచ్చారు. ఏడు లీటర్ల వీ12 ఇంజను కాబట్టి నాలుగో గేరులో కూడా లాగింది. లోడు బండిని ఒకే గేరులో ఊరు చేర్చిన డ్రైవర్ల పేర్లు ఆటోనగర్‌లో టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. లామర్స్ కూడా ఆ కోవకు చెందిన మనిషే.

ఇక నేటి హైపర్‌కార్ల దగ్గరికి వద్దాం. బరువు కనీసం 1,030 కిలోలు, శక్తి సుమారు 500 కిలోవాట్లు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒక రకంలో కంపెనీ తన హైబ్రిడ్ వ్యవస్థను తానే తయారుచేసుకుంటుంది. టయోటా, ఫెరారీ ఆ దారిలో ఉన్నాయి. రెండో రకం ఎల్‌ఎండీహెచ్. దానిలో ఇంజను ఎవరిది వాళ్లదే కాని, హైబ్రిడ్ భాగాలు అందరికీ ఒకటే: మోటారు బాష్ కంపెనీది, బ్యాటరీ విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజనీరింగ్‌ది (ఇప్పుడు ఆ కంపెనీ పేరు ఫోర్టెస్క్యూ జీరో), గేర్‌బాక్స్ ఎక్స్‌ట్రాక్‌ది. పోర్షే, క్యాడిలాక్, బీఎండబ్ల్యూ లాంటివి ఈ పద్ధతిలో వచ్చాయి. ఖర్చు తగ్గించే ఆలోచన మంచిదే, దాని వల్లనే ఇన్ని కంపెనీలు తిరిగి వచ్చాయి. కాని ఉమ్మడి భాగంలో లోపం ఉంటే అది అందరి లోపం అవుతుంది, బాగుచేసే అధికారం మాత్రం ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. 2023 జనవరిలో అమెరికాలోని డేటోనా 24 గంటల పందెంలో ఈ కార్లు తొలిసారి దిగినప్పుడు పోర్షే కారు ఒకటి బ్యాటరీ మార్చుకోవడానికి ఎన్నో చుట్లు పోగొట్టుకుంది.

బ్యాటరీ మార్చడం ఎందుకంత ఆలస్యమన్న ప్రశ్న సహజం. వందల వోల్టుల కరెంటు ఉన్న కారును మామూలు కారులా ముట్టుకోవడానికి వీల్లేదు. కారు మీద దీపాలు ఉంటాయి. పచ్చ దీపం వెలుగుతుంటేనే ముట్టుకోవచ్చు, ఎర్ర దీపం ఉంటే మార్షల్ కూడా దూరంగా నిలబడాలి. రబ్బరు చేతితొడుగులు వేసుకుని, కరెంటు తెగిందని పరీక్షించి రూఢి చేసుకున్నాకే పాన పట్టాలి. మన ఊళ్లో విద్యుత్ ఆటోలు నానాటికీ పెరుగుతున్నాయి. వాటి పని చేస్తున్న తమ్ముళ్లు దయచేసి ఈ క్రమశిక్షణను అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోవాలి. గెలుపు కోసం సెకన్లు లెక్కపెట్టే చోట కూడా ఈ పనికి మాత్రం తొందర పడరు.

కొత్త కార్లలో కంప్యూటర్ కూడా ఒక భాగమే, అది కూడా మొరాయిస్తుంది. 2023లో, పందెం మొదలై నూరేళ్లయిన సందర్భంలో, ఫెరారీ 1965 తర్వాత తొలిసారి గెలిచింది. ఆ 51వ నంబరు కారు ఆఖరి పిట్ స్టాప్‌లో స్టార్టు కాలేదు. వ్యవస్థనంతా ఆపి, మళ్లీ మొదటినుంచి రాజేస్తే కదిలింది. ఆ కొన్ని సెకన్లలో ఆ జట్టు వాళ్ల గుండె ఎలా కొట్టుకుందో ఊహించుకోండి. 2024లో ఫెరారీ 83వ నంబరు కారు ముందు వరుసలో పోరాడుతూ హైబ్రిడ్ వ్యవస్థ చెడిపోయి తప్పుకుంది. అదే నంబరు కారు మరుసటి ఏడాది, 2025లో వచ్చి గెలిచింది. 2021లో టయోటా కార్లకు ఇంధన ట్యాంకు లోపలి నుంచి పంపుకు ఇంధనం సరిగా అందక పోయింది. ట్యాంకులో చెత్త చేరితే డీజిల్ పంపు ఏమవుతుందో మనకు చెప్పాలా? విప్పి శుభ్రం చేస్తే గెలుపు పోతుంది. అందుకని జట్టు వాళ్లు ఒక ఉపాయం ఆలోచించారు. బ్రేకు వేసే చోట్లలో డ్రైవరు పంపుల స్విచ్చులను వరుసగా మార్చుతూ నడపాలి. ఒక్కో చుట్టుకు ఎన్నో మలుపులు, చీకటి, వేగం, దానికి తోడు ఈ స్విచ్చుల పని. అలాగే నడిపి రెండు కార్లనూ మొదటి రెండు స్థానాల్లో తెచ్చారు. నాకు ఆ ఏడాది గెలుపు, ఏ అడ్డంకీ లేకుండా వచ్చిన గెలుపులన్నిటి కన్నా గొప్పదిగా తోస్తుంది.

ఇంతటి ఉపాయం అప్పటికప్పుడు ఎలా తట్టింది? 2016, 2017 పందేల తర్వాత టయోటా తన అభ్యాస పద్ధతిని మార్చుకుంది. అంతకు ముందు కారు చెడిపోకుండా ఎన్ని గంటలు నడిచిందో చూసేవారు. తర్వాత, నడుస్తున్న కారులో కావాలనే లోపాలు పుట్టించి, మూడు చక్రాల మీద కూడా పిట్‌కు తెప్పించి, డ్రైవరూ ఇంజనీర్లూ మెకానిక్కులూ కలిసి ఎలా బయటపడతారో పదేపదే సాధన చేశారు. 2018లో వారి తొలి గెలుపు వచ్చింది. చాలా జట్లు అభ్యాసానికి అమెరికాలోని సెబ్రింగ్‌కు వెళ్లడం కూడా ఇలాంటి ఆలోచనే. అది పాత విమానాశ్రయపు కాంక్రీటు నేల, అతుకుల మీద కారు ఎగిరెగిరి పడుతుంది. లె మాన్ బాట కన్నా ఎంతో గరుకు. అక్కడ తట్టుకున్న సస్పెన్షన్ మరెక్కడైనా తట్టుకుంటుందని వాళ్ల నమ్మకం. కొత్తగా బాడీ కట్టిన లారీని మొదటి లోడుకు ముందే గతుకుల దారిలో తిప్పి, బోల్టులు మళ్లీ బిగించే మన అలవాటు దీనికి దూరమేమీ కాదు.

వెనుక వరుస నుంచి ఒక విద్యార్థి చీటీ పంపారు. ఇప్పుడు కార్లు అన్నీ చక్కగా నడుస్తున్నాయి కదా, నిలకడ అన్న సమస్య ఇంకా మిగిలిందా అని ప్రశ్న. మంచి ప్రశ్న. 2024లో తొమ్మిది కార్లు గెలిచిన కారుతో సమానంగా అన్ని చుట్లూ పూర్తిచేశాయి. నా చిన్నతనంలో మొదటి కారుకూ రెండో కారుకూ మధ్య చుట్ల కొద్దీ దూరం ఉండేది, అది చదివి పెరిగిన నాకు ఈ సంఖ్య నమ్మశక్యంగా లేదు. కార్లు నిజంగా బాగుపడ్డాయి. అయితే దానితో పాటు చిన్న లోపానికి చెల్లించవలసిన ధర పెరిగింది. ఒకప్పుడు పది నిమిషాలు గ్యారేజీలో ఉన్నా గెలవవచ్చు. ఇప్పుడు అర నిమిషం పోతే గెలుపు పోయినట్టే.

అదే 2024లో గెలిచిన ఫెరారీ 50వ నంబరు కారును చూడండి. ఇంక రెండు గంటలు కూడా లేని వేళ, వాన చినుకుల్లో, ఆ కారు కుడివైపు తలుపు తెరుచుకుని గాలికి కొట్టుకుంటోంది. ఇంజను బాగుంది, మోటారు బాగుంది, తలుపు గడి పడలేదు. అధికారులు పిట్‌కు వచ్చి మూయమని ఆదేశించారు. అనుకున్న సమయానికి ముందే రావలసి రావడంతో ఆ తర్వాతి లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఆఖరి చుట్లలో నిక్లాస్ నీల్సన్ పొదుపుగా నడిపి, కారుకు అనుమతించిన శక్తిలో రెండు శాతం మాత్రమే మిగిలి ఉండగా గీత దాటారు. రెండో స్థానంలో వచ్చిన టయోటా పద్నాలుగు సెకన్ల దూరంలో ఉంది.

తలుపు సంగతి వచ్చింది కాబట్టి మరొకటి చెప్పి ముగిస్తాను. 1983లో పోర్షే 956, ఆల్ హోల్బర్ట్ నడుపుతుండగా, ముందంజలో ఉండి ముగింపుకు వస్తోంది. ఎడమవైపు తలుపు అంతకు ముందే ఊడి ఎగిరిపోయింది. తలుపు లేకపోతే ఏమవుతుంది, డ్రైవరుకు గాలి తగులుతుంది, అంతే కదా అనిపిస్తుంది. కాని ఆ తలుపు మీదుగా మళ్లి రేడియేటరుకు చేరవలసిన గాలి దారి తప్పింది. ఎడమ వైపు సిలిండర్లు చల్లబడక ఇంజను వేడెక్కుతూ వచ్చింది. వెనుక నుంచి డెరెక్ బెల్ నడుపుతున్న ఇంకో 956 చుట్టు చుట్టుకూ దగ్గరవుతోంది. ఆఖరి చుట్టులో హోల్బర్ట్ కారు నుంచి ఆవిరి కక్కుతూ ఇంజను ఒక క్షణం పట్టేసింది, ఆయన క్లచ్‌తో దాన్ని మళ్లీ తిప్పారు, అది తిరిగింది. సుమారు ఒక నిమిషం ముందుగా గీత దాటారు. దాటిన తర్వాత ఆ ఇంజను మరి తిరగలేదు.